గొలుసు రంపం అసలుదా, నకిలీదా? విస్తరణ శాస్త్రవేత్త వేయవలసిన ప్రశ్నలు

ఉత్తర కోస్తా జిల్లాలలో తుపాను వెలిసిన మరునాడే రైతు వెదికే పనిముట్టు గొలుసు రంపం. వాడుకలో దీనిని చైన్ సా అనీ, పవర్ రంపం అనీ, కోత మిషను అనీ అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నగరంలోని చెట్లతో పాటు చుట్టుపక్కల జీడిమామిడి, కొబ్బరి, సరుగుడు తోటలు నేలకొరిగాయి. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అంతకు తగ్గని నష్టం కలిగించింది. కూలిన చెట్టును తొలగించనిదే కొత్త మొక్కకు చోటు దొరకదు. గొడ్డలితో రోజుల తరబడి సాగే ఈ పని యంత్ర రంపంతో గంటలలో ముగుస్తుంది. అందుకే అటువంటి రోజులలో ఈ యంత్రానికి ఒక్కసారిగా గిరాకీ పెరుగుతుంది. ఆ తొందరలో కొన్న యంత్రం ఎటువంటిదో తరువాత గాని తెలియదు.

పంటలకు సంబంధించిన మనకు యంత్రాల నిజానిజాలతో పని ఏమిటని విద్యార్థులు అడగవచ్చు. రైతు మాత్రం విత్తనం గురించి అడిగినట్లే యంత్రం గురించి కూడా మననే అడుగుతాడు. అటువంటి ఒక సందర్భాన్ని ఆధారం చేసుకొని, యంత్రం ప్రామాణికతను ఏ క్రమంలో పరిశీలించాలో ఈ వ్యాసంలో చర్చించడమైనది.

వివాదం

కొన్నేళ్ల క్రితం అనకాపల్లి పరిసరాలలో తోటల పునరుద్ధరణపై జరిగిన శిక్షణకు ఒక జీడిమామిడి రైతు పెద్ద గొలుసు రంపం ఒకటి తెచ్చారు. దానిపై జర్మనీకి చెందిన స్టిల్ సంస్థ పేరు, 070 అనే నమూనా సంఖ్య ఉన్నాయి. ఇప్పుడు దొరకని అరుదైన యంత్రమని, ఓడలో దిగిన సరుకని చెప్పి ఒక వ్యాపారి అమ్మాడట. 1933 నుండి ఓడలు వచ్చే రేవు ఉన్న ఊరిలో 'ఓడ సరుకు' అన్న మాటకు నేటికీ విలువ ఉంది. ఉక్కు నగరం కావడంతో ఆ సంస్థ పేరును 'స్టీల్'గా చదివి, ఉక్కు గట్టితనానికి గుర్తుగా పెట్టిన పేరనుకునేవారూ ఉన్నారు. నిజానికి అది 1926లో సంస్థను స్థాపించిన ఆండ్రియాస్ స్టిల్ ఇంటిపేరు.

రైతు వచ్చినది కుతూహలంతో కాదు. ముందు వారం కొమ్మ కోస్తుండగా రంపం పైకి ఎగిరి ఆయన కుమారుని చొక్కా భుజం వద్ద చీలింది, గాయం తప్పింది. "అసలుదైతే ఇలా ఎగరదు కదా సార్?" అన్నది ఆయన ప్రశ్న.

శిక్షణకు వచ్చినవారు రెండు పక్షాలుగా చీలిపోయారు. అనుభవజ్ఞుడైన మెకానిక్ ఒకరు అది అసలుదేనన్నారు. ఇంజను ధ్వని బరువుగా ఉంది, ఒక్క లాగుకే అంటుకుంది, చైను లింకులపై సంస్థ పేరు స్పష్టంగా ఉంది అన్నవి ఆయన ఆధారాలు. విద్యార్థులు నకిలీ అన్నారు. పేరున్న సంస్థ చైన్ బ్రేకు లేకుండా యంత్రం తయారు చేయదు, పైగా ఇది జర్మనీలో తయారైనట్లు ఎక్కడా లేదు అన్నవి వారి ఆధారాలు. పరిశీలించగా ఇరుపక్షాల ఆధారాలూ నిలువలేదు.

నిలువని ఆధారాలు

మొదట చైను సంగతి. చైను అరిగిపోయే భాగం. యంత్రం జీవితకాలంలో దానిని అనేక పర్యాయాలు మారుస్తారు. నకిలీ యంత్రానికి అసలు చైను తొడగవచ్చు, అసలు యంత్రానికి చౌక చైను తొడగవచ్చు. మార్చదగిన భాగం ఏదీ యంత్రం పుట్టుకకు సాక్ష్యం కాదు. ఇంజను ధ్వని, ఒక్క లాగుకే అంటుకోవడం ఇంజను ప్రస్తుత స్థితిని తెలుపుతాయే తప్ప దానిని ఎవరు తయారు చేశారో తెలుపవు.

రెండవది తయారైన దేశం. ఈ సంస్థకు జర్మనీలోనే కాక బ్రెజిల్, అమెరికా, చైనా దేశాలలోనూ సొంత కర్మాగారాలు ఉన్నాయి. కనుక 'చైనా తయారీ' అని ఉన్నంత మాత్రాన నకిలీ కాదు, 'జర్మనీ తయారీ' అని ఉన్నంత మాత్రాన అసలు కాదు. అక్షరాలు ముద్రించడం అన్నిటికన్నా తేలికైన పని.

మూడవది చైన్ బ్రేకు. విద్యార్థులు పొరబడినది ఇక్కడే. స్టిల్ సంస్థ 1959లో కాంట్రా అనే రంపాన్ని విడుదల చేసింది. గేర్లు లేకుండా ఇంజను శక్తిని నేరుగా చైనుకు అందించే ఈ యంత్రం బరువు 12 కిలోలు, శక్తి 6 అశ్వశక్తులు. ఆ కాలానికి అది గొప్ప ముందడుగు. 070 నమూనా ఆ వంశానికి చెందినదే. ఈ సంస్థ చైన్ బ్రేకును ప్రవేశపెట్టినది 1972లో. అంతకు ముందు రూపొందిన నమూనాలలో బ్రేకు లేకపోవడం సహజం. కనుక బ్రేకు లేదన్న విషయం నకిలీ అనడానికి ఆధారం కాదు. పాత అసలు యంత్రంలోనూ అది ఉండకపోవచ్చు.

కొలతలు చెప్పేది, చెప్పలేనిది

విద్యార్థులు తప్పక నేర్వవలసిన సులభమైన లెక్క ఒకటి ఉంది. సిలిండరు లోపలి వ్యాసం, పిస్టన్ ప్రయాణ దూరం కొలిస్తే ఇంజను ఘనపరిమాణం తెలుస్తుంది. 070 నమూనాకు వ్యాసం 58 మి.మీ., ప్రయాణం 40 మి.మీ.; లెక్కిస్తే 105.7 సి.సి. వస్తుంది. ఎం.ఎస్. 661 నమూనాకు 56, 37 మి.మీ.; ఘనపరిమాణం 91.1 సి.సి. ఎం.ఎస్. 381 నమూనాకు 52, 34 మి.మీ.; ఘనపరిమాణం 72.2 సి.సి.

ఇక శక్తి. ఎం.ఎస్. 661 శక్తి 5.4 కిలోవాట్లు, ఎం.ఎస్. 381 శక్తి 3.9 కిలోవాట్లు. అంటే ఒక్కొక్క సి.సి.కి ఇంచుమించు 0.054 నుండి 0.059 కిలోవాటు. పాత తరానికి చెందిన 070లో ఇది సుమారు 0.045 మాత్రమే. ఈ నిష్పత్తిని గుర్తుంచుకుంటే స్టిక్కరుపై రాసిన అంకెలను అక్కడికక్కడే పరీక్షించవచ్చు. 58 సి.సి. ఇంజనుపై 5 కిలోవాట్లకు మించిన శక్తి రాసి ఉంటే, ఆధునిక రంపాల నిష్పత్తిని బట్టి ఆ ఇంజను నుండి రాదగినది 3.5 కిలోవాట్లకు అటూ ఇటూ మాత్రమేనని రైతుకు చెప్పవచ్చు.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. కొలతలతో సహా నకలు చేసిన యంత్రం ఇందులో నెగ్గుతుంది. రైతు తెచ్చిన యంత్రం వ్యాసం 58 మి.మీ. ఉన్నా దాని పుట్టుక తేలలేదు. కొలత అబద్ధపు స్టిక్కరును పట్టిస్తుంది, మంచి నకలును పట్టించలేదు.

ఇక్కడ మరొక భేదం గమనించాలి. పేటెంటు గడువు ముగిసిన ఆకృతిని మరొక సంస్థ తన సొంత పేరుతో తయారు చేసి అమ్మితే అది నకలే గాని నకిలీ కాదు. దాని నాణ్యతకు ఆ సంస్థ బాధ్యత వహిస్తుంది. పరుల పేరు తగిలించి అమ్మినదే నకిలీ. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం 103, 104 సెక్షన్ల ప్రకారం తప్పుడు ముద్ర వేయడం, అటువంటి సరుకు అమ్మడం నేరాలు; వీటికి 6 నెలల నుండి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. హక్కుదారు ముందుగా నమోదు చేసుకుంటే అటువంటి దిగుమతులను రేవులోనే ఆపే అధికారం 2007 నాటి నియమాల ప్రకారం కస్టమ్స్ శాఖకు ఉంది.

క్రమసంఖ్య

చివరకు మిగిలినది క్రమసంఖ్య. అది ఒక యంత్రానికి ఒకటే ఉండాలి. రైతు యంత్రంపై సంఖ్య ఉంది. మరునాడు పొరుగూరి రైతు అదే వ్యాపారి వద్ద కొన్న అదే నమూనా తెచ్చారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగా సంఖ్యలో ఒక్క అంకె కూడా తేడా లేదు.

విద్యార్థులు తాము గెలిచామన్నారు. మెకానిక్ ఊరుకోలేదు. "రెండింటిలో ఒకటి నకిలీ అని తేలింది. ఇదే నకిలీ అని ఎలా అంటారండీ?" అన్నారు. తర్కం ప్రకారం ఆయన మాట సరైనదే. ఒకే సంఖ్య రెండు యంత్రాలపై ఉంటే కనీసం ఒకటి నకిలీ. ఏది అన్నది ఆ సంఖ్య చెప్పదు.

ఈ చిక్కుకు పరిష్కారం మన విత్తన శాస్త్రంలోనే ఉంది. ధ్రువీకరణ విత్తన సంచికి నీలి చీటీ ఉంటుంది. ఆ చీటీ ఉన్నంత మాత్రాన ప్రయోగశాల తృప్తి చెందదు. వరిలో భౌతిక స్వచ్ఛత 98 శాతం, మొలక 80 శాతం ఉన్నాయా అని చూస్తుంది. జన్యు స్వచ్ఛతపై సందేహం ఉంటే పొలంలో పెంచి చూస్తుంది. ప్రమాణం అందుకోని విత్తనాన్ని నకిలీ అని నిరూపించే భారం ప్రయోగశాలపై లేదు, ధ్రువీకరించకపోతే చాలు. యంత్రానికీ అదే నియమం వర్తింపజేయాలి. నిరూపించవలసిన భారం అమ్మినవానిది. బిల్లు లేదు, వారంటీ పత్రం లేదు, క్రమసంఖ్య మరొక యంత్రంపై కూడా ఉంది. కనుక 'అసలుదని ధ్రువీకరించలేము' అన్నదే మా నిర్ణయం. మెకానిక్ కూడా దానికి అంగీకరించారు.

అసలుదైతే వాడవచ్చునా?

రైతు అడిగిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. అసలు యంత్రమైతే ఎగరదా? ఎగురుతుంది. తిరుగుతున్న చైను బార్ కొన పైభాగంలో కొమ్మకు తగిలితే రంపం ఒక్కసారిగా నడిపేవాని వైపు లేస్తుంది. దీనికి యంత్రం పుట్టుకతో సంబంధం లేదు. తుపానుకు కూలిన చెట్టులో ప్రమాదం మరింత ఎక్కువ. వంగి ఒత్తిడిలో ఉన్న కొమ్మలు కోతలో బార్‌ను బిగించివేస్తాయి లేదా విడివడి మీదకు వస్తాయి. రంపం లేచే వేగానికి మనిషి చేయి స్పందించలేదు. అందుకే చైన్ బ్రేకు సగటున 0.12 సెకనులో చైనును ఆపాలని ఐ.ఎస్.ఓ. 6535 ప్రమాణం నిర్దేశిస్తుంది.

కనుక మచ్చలేని అసలు 070ను తెచ్చినా, బ్రేకు లేని ఆ యంత్రాన్ని జీడిమామిడి తోటలో కొమ్మ కత్తిరింపునకు మనం సిఫారసు చేయలేము. అది పెద్ద మానులను పడగొట్టడానికి పుట్టిన యంత్రం. కొమ్మ కత్తిరింపునకు ఎం.ఎస్. 250 వంటి 45 సి.సి. తరగతి యంత్రం సరిపోతుంది. దాని బరువు బార్, చైను లేకుండా 4.6 కిలోలు, శక్తి 2.3 కిలోవాట్లు, చైన్ బ్రేకు ఉంటుంది. అరుదైనది, శక్తిమంతమైనది అన్న మాటలు కొనేవానిని ఆకర్షించేవే గాని పనికి కావలసిన లక్షణాలు కావు.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. బిల్లు, వారంటీ పత్రం, యంత్రంపై ఉన్న క్రమసంఖ్య ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని ముందుగా చూడాలి. సంఖ్యను అధీకృత డీలరు ద్వారా సరిచూపించాలి.

2. స్టిక్కరుపై ఉన్న ఘనపరిమాణాన్ని, శక్తిని పైన చెప్పిన నిష్పత్తితో పోల్చాలి.

3. చైను, బార్, స్పార్క్ ప్లగ్ వంటి మార్చదగిన భాగాలను ఆధారంగా తీసుకోరాదు.

4. యంత్రం అసలుదైనా కాకపోయినా నాలుగు విషయాలు పరీక్షించాలి. ముందు గార్డును నెట్టగానే చైను ఆగాలి. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు చైను కదలరాదు. స్విచ్ నొక్కగానే ఇంజను ఆగాలి. బార్ కొనను తెల్ల కాగితం ఎదుట ఉంచి యాక్సిలరేటరు నొక్కితే నూనె చార కనబడాలి.

5. ఇంధనంతో కలిపే నూనె పాళ్లు, చైను పళ్లు సానబట్టే విధానం, శిరస్త్రాణం, కాళ్ల రక్షణ కవచం గురించి ప్రతి శిక్షణలోనూ చెప్పాలి.

6. తుపాను కాలం రాకముందే, అంటే సెప్టెంబరు నాటికి, గ్రామంలోని రంపాలను ఒకచోట చేర్చి పరీక్షించాలి. తుపాను వెలిసిన తరువాత పరీక్షకు వ్యవధి ఉండదు.

ఆ రైతు యంత్రాన్ని వ్యాపారికి తిరిగి ఇవ్వబోయారు గాని, అతడు చెప్పిన చిరునామాలో దుకాణమే లేదు. ఆయన దానిని పశువుల పాకలో అటక మీద పెట్టేశారు. మరుసటి తడవ కత్తిరింపు కాలానికి పక్క ఊరి రైతుతో కలిసి బిల్లుతో, బ్రేకుతో ఉన్న చిన్న యంత్రం ఒకటి కొన్నారు. కొనే ముందు దుకాణంలోనే గార్డు నెట్టి చూశామని ఆయన కుమారుడు ఫోనులో చెప్పాడు.