సూదీ దారం పట్టుకుని... గ్రంథాలయానికి!

పన్నెండేళ్ల పిల్ల శాఖా గ్రంథాలయంలోకి వస్తే ఎక్కడ కూర్చోవాలి? బొమ్మల పుస్తకాల బల్ల చిన్నపిల్లలది. పొడుగు బల్లలు గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదువుకునేవాళ్లవి. పత్రికల దగ్గర పెద్దవాళ్లు. పది దాటి పదహారు నిండని వయసుకి ఆ గదిలో చోటు లేదు.

బయటైనా ఉందా? విశాఖపట్నంలోని కంచరపాలెం లాంటి ఇరుకు సందుల పేటలో మగపిల్లలకి వీధి ఉంది, క్రికెట్ ఉంది. ఏడో తరగతి దాటిన ఆడపిల్ల గుమ్మం దాటాలంటే ఇంట్లో ఒప్పుకునే కారణం ఒకటి చెప్పాలి. "లైబ్రరీకెళ్లొస్తానమ్మా" అంటే కాదనే తల్లి అరుదు. ఈ ఒక్క సంగతి చాలు, గ్రంథాలయాల్లో ఈ వయసు పిల్లలకి చేతిపనులు నేర్పాలని అడగడానికి.

మన గ్రంథాలయాలు ఏటా వేసవిలో విజ్ఞాన శిబిరాలు నడుపుతాయి. కథలు చదివిస్తారు, బొమ్మలు వేయిస్తారు, కాగితంతో పూలూ పక్షులూ చేయిస్తారు. మంచి పనే, కానీ బళ్లు తెరవగానే ఆగిపోతుంది. పైగా పద్నాలుగేళ్ల కుర్రాడి చేతికి రంగు కాగితం పువ్విస్తే నామోషీ పడతాడు. వాడికి కాస్త కష్టమైన పని కావాలి, చేసింది రేపు పనికిరావాలి.

అలాంటి పని మన ఇళ్లలోనే ఉండేది. పరీక్షలు అయ్యాక పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, దొంతి పేర్చి, దబ్బనంతో కుట్టి రఫ్ నోట్సు చేసుకునేవాళ్లం. దాన్నే శ్రద్ధగా నేర్పితే పుస్తకం కుట్టే విద్య అవుతుంది. ఎనిమిది కాగితాలు మధ్యకి మడిస్తే ముప్పైరెండు పేజీలు. మడత మీద మూడు చిల్లులు. సూది మధ్య చిల్లులోంచి లోపలికి పోయి, పైచిల్లులోంచి బయటికొచ్చి, కింది చిల్లులోంచి మళ్లీ లోపలికెళ్లి, మధ్యలోంచే బయటపడాలి. వెన్ను మీద సాగిన దారానికి అటో కొస ఇటో కొస ఉంచి ముడి బిగిస్తే పుస్తకం కదలదు. పాత కేలండరు అట్ట, మైదా ఉడికించిన జిగురు, టైలరు కొట్టులో మిగిలే గుడ్డముక్క ఉంటే అట్ట కూడా సిద్ధం. చెయ్యి తిరిగాక గ్రంథాలయంలోనే వెన్ను విరిగిన పుస్తకాలు బాగుచేయించవచ్చు. తను కుట్టిన పుస్తకం మళ్లీ అరలోకి ఎక్కిన పిల్లకి ఆ గ్రంథాలయం పరాయిది కాదు.

కుట్టు కూడా వద్దనుకుంటే ఒక్క ఏ4 కాగితం చాలు. ఎనిమిది గళ్లుగా మడిచి, మధ్య మడత మీద ఒక్క కోత కోసి, మళ్లీ మడిస్తే ఎనిమిది పేజీల బుల్లి పుస్తకం. రీములో 500 కాగితాలుంటాయి, అంటే 500 పుస్తకాలు. అందులో ఏం రాసుకోవాలో వాళ్లకే వదిలేయాలి. పోటీలూ బహుమతులూ అసలు వద్దు. చేతులు పనిలో ఉన్నప్పుడు ఈ వయసు పిల్లలు మాట్లాడతారు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పరు.

ఇక పాత పత్రికలు. గ్రంథాలయంలో వాటికి కొదవలేదు. కాగితం నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జుని చాటలకీ బుట్టలకీ పట్టించిన చేతులు ఇంకా మన ఇళ్లలో ఉన్నాయి. మెంతుల బంక కాగితాన్ని పట్టి ఉంచుతుంది. ఆ అమ్మమ్మల్ని ఒక పూట పిలవాలి.

కంచరపాలెంలో పని నేర్పేవాళ్లని వెతుక్కోనక్కర్లేదు. ప్రభుత్వ ఐటీఐ, పాలిటెక్నిక్ ఇక్కడే ఉన్నాయి. రైల్వేలో, పోర్టులో, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లు ఊరినిండా ఉన్నారు. హార్బరు వైపు వెళ్తే వల అల్లే జాలరులున్నారు. ఒక తాడుముక్క తెచ్చి నాలుగు ముడులు నేర్పినా పదిహేనేళ్ల కుర్రాళ్లు కళ్లార్పకుండా చూస్తారు. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమాలో ఎక్కువమంది అంతకుముందు కెమెరా ముందు నిలబడని స్థానికులే. అడిగారు, వచ్చారు. గ్రంథాలయం కూడా అడగాలి.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక దూరమేం కాదు. అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులతో చేసే అక్కడి బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటికోసం జీవితం వెచ్చించిన సి.వి.రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది. తరిమెన పట్టే యంత్రాన్ని గ్రంథాలయంలో పెట్టలేం గానీ, పిల్లల్నే ఒకరోజు అక్కడికి తీసుకెళ్లవచ్చు.

గ్రంథాలయంలో ఇవన్నీ ఏమిటని పెదవి విరిచేవాళ్లుంటారు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు తిప్పారు. జనం రాకపోతే గ్రంథాలయమే జనం దగ్గరికి పోవాలన్నది మన ఉద్యమం నడిచిన దారే. 2018లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో తెరిచిన ఊడి గ్రంథాలయంలో కుట్టుమిషన్లు కూడా ఉన్నాయి. మనకి అంత అక్కర్లేదు, సూదులు చాలు.

డబ్బు మాటకొస్తే, మనం కట్టే ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సుని గ్రంథాలయ సంస్థలకి ఎప్పటికప్పుడు జమ చేస్తే, నెలకి రెండు రీముల కాగితం, కాసిన్ని సూదులు, దారపు ఉండలు పెద్ద ఖర్చే కాదు. కావలసిందల్లా ఒక బల్ల. మన గ్రంథాలయాలకి వారపు సెలవు శుక్రవారం. ఆదివారం తెరిచే ఉంటాయి. ఆ ఒక్క పూటకి ఒక పొడుగు బల్ల ఈ పిల్లలకి వదిలిపెట్టమని మీ పేట గ్రంథాలయాధికారిని అడగండి. మీ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి అడగండి.