వాకిటి చెట్టును బండి బాటయు

ఇంటికి కారు వచ్చినంతనే మొదట ముప్పు వచ్చునది వాకిటి వేపచెట్టునకు. గేటు మొదలు వసారా వఱకు సిమెంటు బాట వేయవలె ననుకొందురు. చెట్టు అడ్డమని మేస్త్రి యనును. మన దొడ్డిలోని చెట్టే గదా, అడుగువా రెవ్వరని ఇంటివారు తలంతురు. అది పొరపాటు. వాల్టా యని పిలువబడు 2002వ సంవత్సరపు చట్టమును బట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటను, మినహాయింపు గల కొన్ని జాతులు తప్ప, సొంత స్థలములోని చెట్టును గొట్టుటకైనను అధికారి యనుమతి ముందుగా పొందవలెను.

అయితే గొడ్డలి తగులకున్నను చెట్టు చచ్చును. మేము ముఖ్యముగా చెప్పదలచిన దిదియే. నీటిని పీల్చు సన్నని వేళ్లు చాలవఱకు పై 2 అడుగుల మట్టిలోనే యుండును. మొదలి చుట్టును సిమెంటు పోసినచో వానికి గాలియు నీరును అందవు. చెట్టు వెంటనే పడదు. కొన్ని యేండ్లకు కొమ్మ లెండును. అప్పుడు తెగులు పట్టినదని చెప్పుకొందుము! ఢిల్లీలో చెట్ల చుట్టును ఒక మీటరు మేర కాంక్రీటు తొలగింపవలెనని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆజ్ఞాపించినది. బ్రిటిషు నిర్మాణ ప్రమాణమైతే మాను అడ్డుకొలతకు 12 రెట్ల దూరము వఱకు వేళ్లను కాపాడుమనుచున్నది. మన యిరుకు వాకిళ్లలో అంత చోటెక్కడిది?

కావున చక్రములు పోవు చోట మాత్రము రెండు పట్టెలుగా రాళ్లు పఱపించి, నడుమ మట్టిని విడువుడు. రాళ్ల సందులలో సిమెంటునకు మాఱుగా ఇసుక నింపింపుడు. లావు వేళ్లు కనబడినచోట బాటనే కొంచెము ప్రక్కకు త్రిప్పింపుడు. మేస్త్రి ససేమిరా యనును. మట్టి కాళ్లకంటునని అత్తగారు సణుగుదురు. పని సాగు దినమున మనమే వాకిట నిలిచి చూడవలెను. మధ్యాహ్నము కునుకు తీసి వచ్చుసరికి వేళ్లు నఱికి కుప్పపోసి యుందురు.