సర్కారుకు నచ్చని మాట చెప్పేదెవరు?

ఇరాక్‌ను ఆక్రమించిన అమెరికా, అక్కడ శాంతిభద్రతలు చూసేందుకు ఒక డివిజన్ సైన్యాన్ని పంపాలని 2003లో భారత్‌ను అడిగింది. ఐక్యరాజ్యసమితి ఆదేశం లేకుండా పంపేది లేదని ఆ ఏడాది జూలై 14న వాజ్‌పేయి ప్రభుత్వం తేల్చేసింది. అంతకుముందు కొన్ని వారాలపాటు ఢిల్లీలో వ్యూహ నిపుణులుగా పేరున్నవారిలో పలువురు పంపడమే మేలని వాదించారు. అమెరికాకు దగ్గరయ్యే ఇలాంటి సందర్భం మళ్లీ రాదన్నారు. వారి మాట చెల్లకుండా ఆపింది రాజకీయమే. ఏప్రిల్‌లో యుద్ధాన్ని తప్పుబడుతూ పార్లమెంటు చేసిన తీర్మానం, ప్రతిపక్షాల అభ్యంతరం, దగ్గరపడుతున్న ఎన్నికలు కలిసి ప్రభుత్వాన్ని వెనక్కి లాగాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇరాక్‌లో పారిన నెత్తురు చూశాక, మన జవాన్లు అక్కడికి వెళ్లకపోవడమే మంచిదైందని అనని వారు అరుదు.

అసలు ఆ యుద్ధానికే ఒక థింక్‌ట్యాంక్ (విధానాలపై అధ్యయనం చేసి సలహాలిచ్చే సంస్థ) చరిత్ర ఉంది. విలియం క్రిస్టల్, రాబర్ట్ కేగన్ 1997లో వాషింగ్టన్‌లో ‘ప్రాజెక్ట్ ఫర్ ద న్యూ అమెరికన్ సెంచరీ’ అనే చిన్న సంస్థను పెట్టారు. 1998 జనవరిలో అది అధ్యక్షుడు క్లింటన్‌కు ఒక బహిరంగ లేఖ రాసింది. సద్దాం హుసేన్‌ను గద్దె దించడమే అమెరికా విధానం కావాలన్నది దాని సారాంశం. కింద 18 మంది సంతకాలు చేశారు. క్లింటన్ దానిపై యుద్ధానికేమీ దిగలేదు. మూడేళ్లు తిరిగేసరికి ప్రభుత్వం మారింది. సంతకం చేసినవారిలో డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ రక్షణ మంత్రి అయ్యారు, పాల్ వుల్ఫోవిట్జ్ ఆయన కింద ఉపమంత్రి, రిచర్డ్ ఆర్మిటేజ్ విదేశాంగ ఉపమంత్రి. యుద్ధానికి కారణం 2001 సెప్టెంబరు 11 దాడులే గానీ ఒక లేఖ కాదని కొందరంటారు. నిజమే, ఆ దాడులు లేకుంటే అమెరికా ప్రజలు యుద్ధానికి ఒప్పుకునేవారు కారు. అయితే ఆ దాడులతో సంబంధం లేని ఇరాక్ వైపు చూపు అంత తొందరగా ఎలా తిరిగింది? జవాబు ముందే రాసి ఉంది, రాసినవారు కుర్చీల్లో ఉన్నారు. యుద్ధానికి సాకుగా చూపిన సామూహిక విధ్వంసక ఆయుధాల నిల్వలు మాత్రం ఎక్కడా దొరకలేదు.

థింక్‌ట్యాంక్ పనిచేసే తీరు ఇందులో తేటగా కనిపిస్తుంది. సంక్షోభం వచ్చిన రోజున ఏ మంత్రికీ కొత్తగా ఆలోచించే తీరిక ఉండదు. అప్పటికే అచ్చయి, నలుగురి నోటా నాని, పెద్దమనుషుల మాటగా చలామణీ అయిన ప్రతిపాదనే బల్ల మీదికి వస్తుంది. అమెరికాలో అధ్యక్షుడు మారితే దాదాపు 4,000 పదవులు కొత్త రాజకీయ నియామకాలతో నిండుతాయి. ఓడిన పార్టీవారు థింక్‌ట్యాంకుల్లో కూర్చుంటారు, గెలిచిన పార్టీవారు అక్కడి నుంచి లేచి వెళ్తారు. మన పద్ధతి వేరు. విదేశాంగ శాఖను నడిపేది పరీక్ష రాసి వచ్చిన ఐఎఫ్ఎస్ అధికారులు. అందుకే మన దగ్గర థింక్‌ట్యాంకులు చాలాకాలం పదవీ విరమణ చేసిన రాయబారులకు, జనరళ్లకు విడిదిళ్లలా ఉండిపోయాయి. వాటిని పట్టించుకోనక్కర్లేదనే అభిప్రాయమూ అందుకే బలపడింది. అది పొరపాటని చెప్పడానికి ఒక్క మనిషి ఉదాహరణ చాలు.

రక్షణ శాఖ నిధులతో 1965లో ఢిల్లీలో ‘ఇన్‌స్టిట్యూట్ ఫర్ డిఫెన్స్ స్టడీస్ అండ్ అనాలిసిస్’ పుట్టింది. 1968లో దానికి డైరెక్టర్‌గా వచ్చిన కె.సుబ్రహ్మణ్యం తమిళనాడుకు చెందిన ఐఏఎస్ అధికారి. అణ్వస్త్రాలు మన దారి కాదని ప్రభుత్వం ప్రపంచానికి చెబుతున్న రోజుల్లో, అదే ప్రభుత్వ జీతం తీసుకుంటూ, అణుబాంబు తప్పదని ఆయన పత్రికల్లో రాశారు, సభల్లో వాదించారు. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం ఊచకోత మొదలుపెట్టింది. వారం తిరగకుండానే, మార్చి 31న, ఢిల్లీ సప్రూ హౌస్‌లో జరిగిన సదస్సులో ఆయన లేచి, పాకిస్తాన్ విడిపోవడం భారత్‌కు మేలని, ఇలాంటి అవకాశం మరోసారి రాదని కుండబద్దలు కొట్టారు. ఇందిరాగాంధీ ప్రభుత్వం అప్పటికి ఆ మాట పైకి అనే స్థితిలో లేదు. తూర్పు పాకిస్తాన్ గొడవంతా భారత్ కుట్ర అనడానికి సాక్ష్యంగా పాకిస్తాన్ ఆ ప్రసంగాన్నే చూపింది. ప్రభుత్వానికి తలనొప్పి తెచ్చిన డైరెక్టర్‌ను ఎవరూ ఇంటికి పంపలేదు. 1975 వరకు ఆయన అక్కడే ఉన్నారు, 1980లో మళ్లీ వచ్చి 1987 దాకా కొనసాగారు. కార్గిల్ యుద్ధం ముగిశాక లోపాలు తేల్చమని వాజ్‌పేయి ప్రభుత్వం వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. గూఢచార వ్యవస్థ వైఫల్యాలను ఎత్తిచూపిన ఆ నివేదిక, కొన్ని భాగాలు మినహా, 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చింది. అణుబాంబు వాదాన్ని ఒప్పుకోవాలో వద్దో వేరే చర్చ. ప్రభుత్వ సొమ్ముతో నడిచే సంస్థలో ఉండి ప్రభుత్వం వినడానికి ఇష్టపడని మాట చెప్పగలిగారన్నది మనకు ముఖ్యం. అయితే ఆయన అంత ధైర్యంగా మాట్లాడగలగడానికి ఐఏఎస్ అనే గట్టి కొలువు వెనుక ఉండటం కూడా కారణమే. రేపు జీతం ఉంటుందో లేదోనన్న బెంగ లేని మనిషి ఆయన. ఏడాది కాంట్రాక్టు మీద ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకు బతికే నేటి యువ పరిశోధకుడి నుంచి అదే ధైర్యం ఆశించడం అన్యాయం.

ఇవాళ సంస్థల సంఖ్యకు కొదవలేదు. 1990లో రిలయన్స్ అండతో మొదలైన అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్, విదేశాంగ శాఖతో కలిసి 2016 నుంచి రైసినా డైలాగ్ అనే అంతర్జాతీయ సదస్సు జరుపుతోంది. 2009లో మొదలైన వివేకానంద ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌కు తొలి డైరెక్టర్ అజిత్ దోవల్. 2014లో ప్రభుత్వం మారగానే ఆయన జాతీయ భద్రతా సలహాదారు అయ్యారు. అదే సంస్థతో అనుబంధమున్న నృపేంద్ర మిశ్రా ప్రధాని ముఖ్య కార్యదర్శి అయ్యారు, ట్రాయ్ మాజీ అధ్యక్షుడైన ఆయన ఆ పదవి చేపట్టేందుకు అడ్డొచ్చిన ట్రాయ్ చట్టాన్నే ఆర్డినెన్స్‌తో సవరించారు. ఇండియా ఫౌండేషన్ అనే మరో థింక్‌ట్యాంకుకు పెద్ద దిక్కయిన రామ్ మాధవ్ మన అమలాపురం మనిషి, బీజేపీ ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. అంటే అమెరికా తరహా దారి ఢిల్లీలోనూ తెరుచుకుంది. గెలిచిన ప్రభుత్వానికి తనకు నచ్చిన సలహాదారులను పెట్టుకునే హక్కు లేదా అంటే ఉంది. కాంగ్రెస్ హయాంలోనూ ఆదరణ పొందిన మేధావుల గుంపు ఒకటుండేది. అలీన విధానాన్ని కొత్తగా నిర్వచిస్తూ కొందరు మేధావులు 2012లో ‘నాన్‌అలైన్‌మెంట్ 2.0’ పత్రం తెచ్చినప్పుడు, నాటి భద్రతా సలహాదారు శివశంకర్ మీనన్ ఆవిష్కరణకు హాజరయ్యారు. తనవారిని దగ్గర పెట్టుకోవడంలో తప్పు లేదు. మిగిలినవారి గొంతు ఆగిపోయినప్పుడే చిక్కు.

ఆ గొంతు ఆగడానికి నిషేధాలేమీ అక్కర్లేదు, సమాచారం తాళం వేసి ఉంటే చాలు. 1962 చైనా యుద్ధ పరాజయంపై సైన్యాధికారి హెండర్సన్ బ్రూక్స్ ఇచ్చిన నివేదిక 1963 నాటిది. అరవై ఏళ్లు దాటినా ప్రభుత్వం దాన్ని అధికారికంగా బయటపెట్టలేదు. ఫైళ్లు చూడలేని పరిశోధకుడికి మిగిలే ఆధారం అధికారుల నోటి మాట. ఆ మాట కావాలంటే వారి విందులకు పిలుపు రావాలి. ఘాటుగా రాస్తే మరుసటిసారి పిలుపు రాదు. ఎవరూ బెదిరించకుండానే కలం దానంతటదే మెత్తబడుతుంది. ప్రభుత్వ విధానాన్ని విమర్శించాల్సిన వ్యాసం, ప్రభుత్వం ఏమనుకుంటోందో చక్కగా వివరించే వ్యాసంగా మారిపోవడం ఇలాగే జరుగుతుంది. ఢిల్లీ ఇంగ్లిష్ పత్రికల సంపాదకీయ పేజీలు వరుసగా చదివేవారికి ఈ సంగతి కొత్త కాదు.

ఇక డబ్బు. విదేశీ నిధులతో నడిచే సంస్థ విదేశాంగ విధానం గురించి మాట్లాడితే నమ్మేదెలా అన్న ప్రశ్న సబబైనదే. ఖతార్ ప్రభుత్వం 2013లో వాషింగ్టన్‌లోని బ్రూకింగ్స్ సంస్థకు నాలుగేళ్లకు 1.48 కోట్ల డాలర్లు ఇచ్చేందుకు ఒప్పుకొంది. 2014లో న్యూయార్క్ టైమ్స్ ఆ వివరాలు బయటపెట్టినప్పుడు పెద్ద దుమారం రేగింది. కానీ స్వదేశీ సొమ్ము మాత్రం నిష్పక్షపాతమా? ఒక పారిశ్రామిక సంస్థ నిధులిచ్చినప్పుడు, చమురు ఎక్కడ కొనాలి, ఏ దేశంతో వాణిజ్య ఒప్పందం చేసుకోవాలి అన్న విషయాల్లో దానికీ లాభనష్టాలుంటాయి. మనం ఎంచుకున్న విరుగుడు మాత్రం ఒకవైపే కోస్తోంది. 1973 నుంచి పనిచేస్తున్న సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్‌కు విదేశీ విరాళాలు తీసుకునే అనుమతిని కేంద్ర హోం శాఖ 2023 ఫిబ్రవరిలో నిలిపేసి, 2024 జనవరిలో రద్దు చేసింది. చట్టాన్ని ఉల్లంఘించిందన్నది ఆరోపణ, ఆ సంస్థ దాన్ని ఖండించింది. ఎవరి వాదన ఒప్పయినా, చాలామంది పరిశోధకులు అక్కడి నుంచి వెళ్లిపోవాల్సి వచ్చింది. మిగిలిన సంస్థలు దీని నుంచి ఏ పాఠం నేర్చుకుని ఉంటాయో ఊహించడం కష్టం కాదు. అమెరికా ప్రతినిధుల సభ నిబంధన ఇంతకన్నా మేలైనది. కమిటీ ముందు సాక్ష్యమిచ్చే నిపుణుడు ఆ విషయానికి సంబంధించి విదేశీ ప్రభుత్వాల నుంచి అందిన డబ్బు వివరాలు ముందే రాసివ్వాలి. మన దగ్గర దాన్ని కంపెనీల విరాళాలకూ వర్తింపజేయవచ్చు.

అసలు థింక్‌ట్యాంకులెందుకు, విదేశాంగ శాఖ చాలదా అనేవారున్నారు. ఐఎఫ్ఎస్ అధికారులు దేశం మొత్తానికి దాదాపు వెయ్యిమంది. రోజువారీ దౌత్యానికే వారికి సమయం చాలదు, పదేళ్ల తర్వాత చైనా ఎలా ఉంటుందో రాసే తీరిక ఎక్కడిది? పోనీ పార్లమెంటు చూసుకుంటుందా అంటే, అంతర్జాతీయ ఒప్పందాలకు మన పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు. ఒప్పందాలపై ఒక చట్టం తెచ్చే సంగతి పార్లమెంటు ఆలోచించాలని రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య సంఘం 2002లోనే సూచించింది. ఆ చట్టం ఇప్పటికీ రాలేదు. విదేశాంగ వ్యవహారాల స్థాయీ సంఘానికి నిపుణులను పిలిచే అధికారం ఉన్నా, దాని సిఫార్సులు ప్రభుత్వాన్ని కట్టడి చేయవు. పార్లమెంటు ఖాళీగా వదిలిన ఈ చోటులోనే థింక్‌ట్యాంకులు పెరిగాయి. ప్రజలు ఎన్నుకోని వారి అభిప్రాయం జాతీయ ఏకాభిప్రాయంగా చలామణీ అవుతోంది. వారిని తప్పుపట్టి లాభం లేదు, వారి వాదనను అందరి ఎదుటా ప్రశ్నించే వేదిక లేకపోవడమే లోటు.

ఇదంతా ఢిల్లీ గొడవ, మనకెందుకు అనుకోవడానికి వీల్లేదు. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచితే ఆ దెబ్బ భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద పడింది. సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ వీసా దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము ప్రకటిస్తే హైదరాబాద్‌లో వేల ఇళ్లలో కలవరం రేగింది. గల్ఫ్ దేశాల్లో చట్టం మారితే జగిత్యాల, నిజామాబాద్, కడప పల్లెల్లో వంటిళ్ల లెక్కలు మారతాయి. ఇన్ని విధాలుగా విదేశీ నిర్ణయాలకు గురయ్యే రెండు తెలుగు రాష్ట్రాల నుంచి, ఢిల్లీ మాటకు ఎదురు మాట చెప్పగల విదేశాంగ అధ్యయన సంస్థ ఒక్కటీ ఎదగలేదు. దాన్ని పెట్టడానికి విశ్వవిద్యాలయాలున్నాయి, అనుభవమున్న మాజీ రాయబారులున్నారు. ప్రభుత్వాలు చేయాల్సింది రెండే పనులు: పదేళ్లకు సరిపడా నిధిని ఒకేసారి ఇచ్చేయడం, డైరెక్టర్‌ను తీసేసే అధికారం తమ చేతిలో పెట్టుకోకపోవడం. మన ఎంపీలను ఓట్లడిగే రోజున ఈ సంగతి కూడా అడగండి.