‘పైనుంచి ఆర్డర్’ ఏ సెక్షన్ కింద వస్తుంది?

బంద్ పిలుపో, ‘ఛలో అసెంబ్లీ’ కార్యక్రమమో ఉన్న రోజు తెల్లవారకముందే ఉపాధ్యాయ సంఘం నాయకుడి ఇంటి గేటు ముందు పోలీసు జీపు ఆగుతుంది. ఎస్సై మర్యాదగానే మాట్లాడతాడు. ‘‘మాస్టారూ, ఇవాళ మీరు ఇల్లు కదలొద్దు. పైనుంచి ఆర్డర్ ఉంది’’ అంటాడు. మాస్టారు పాలప్యాకెట్ కోసం సందు చివరికి వెళ్లినా ఒక కానిస్టేబుల్ వెంట నడుస్తాడు. సాయంత్రానికి జీపు వెళ్లిపోతుంది. కేసు లేదు, నోటీసు లేదు, సంతకం చేసిన కాగితం లేదు. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ‘నేతల గృహనిర్బంధం’ అని నాలుగు లైన్ల వార్త వస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వాలు మారినా ఈ తంతు మారలేదు. ప్రతిపక్షంలో ఉండగా గేటు లోపల కూర్చున్నవారే అధికారంలోకి రాగానే గేటు ముందుకు జీపు పంపుతున్నారు.

దీనికి చట్టంలో చోటెక్కడుందో వెతికితే దగ్గరగా కనిపించేది సెక్షన్ 170. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఉంది. పాత సీఆర్‌పీసీలో దీని నంబరు 151. ఎవరైనా కాగ్నిజబుల్ నేరానికి, అంటే పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరానికి పూనుకుంటున్నట్టు తెలిసి, అరెస్టు తప్ప ఆపే దారి లేదనిపిస్తే ముందుగానే అదుపులోకి తీసుకోవచ్చు. వేరే చట్టం అనుమతిస్తే తప్ప 24 గంటలకు మించి ఉంచడానికి లేదు. ధర్నాకు వెళ్లాలనుకోవడం అలాంటి నేరం కాదు. పైగా ఈ సెక్షన్ ఇచ్చేది అరెస్టు చేసే అధికారం. అరెస్టు చేస్తే సెక్షన్ 36 ప్రకారం అధికారి పేరు స్పష్టంగా కనిపించాలి, సాక్షి సంతకంతో మెమో రాయాలి, ఇంట్లోవాళ్లకు కబురు చెప్పాలి. జైలుకు బదులు ఇంట్లోనే నిర్బంధించమని కోర్టు ఆదేశించవచ్చని 2021 మే 12న గౌతమ్ నవలఖా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది కోర్టుకున్న అధికారం. ఎస్సై నోటిమాటతో ఇంటిని జైలు చేసే సెక్షన్ మన చట్టాల్లో లేదు.

జనం నోట్లో నానే ఇంకో నంబరు 144. ఇప్పుడది 163 అయింది. ఈ సెక్షన్ కింద ఇచ్చే ఉత్తర్వు రాతలో ఉండాలి, అందులో కారణాలుండాలి. గడువు 2 నెలలు. ప్రభుత్వం కావాలనుకుంటే ఇంకో 6 నెలల వరకు పొడిగించవచ్చు. 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఇంకో మాట చేర్చింది: ఆంక్షల ఉత్తర్వులను బయటపెట్టాలి, లేకపోతే బాధితుడు దేన్ని సవాలు చేస్తాడు?

రాజ్యాంగం ఏమిచ్చిందో ఇక్కడ చూడాలి. 19(1) అధికరణం మొదట్లో 7 స్వేచ్ఛలిచ్చింది. 44వ సవరణతో ఆస్తి హక్కు పోయి 6 మిగిలాయి. అందులో ‘డి’ దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కు. ప్రజాప్రయోజనం కోసమో, షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల కోసమో సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని 19(5) చెబుతుంది. అయితే ఆ ఆంక్షను చట్టం పెట్టాలి. అధికారి ఇష్టానికి అక్కడ తావులేదు.

ఈ గీతను గట్టిగా గీసినవారిలో మొదట చెప్పాల్సింది రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు పేరు. 1962 డిసెంబరు 18న ఖడక్ సింగ్ కేసు తీర్పు వచ్చింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఖడక్ సింగ్‌పై ఉత్తరప్రదేశ్ పోలీసులు హిస్టరీ షీట్ తెరిచారు. ఇంటి చుట్టూ కాపలా, రాత్రిళ్లు తలుపు తట్టడం, ఊరు దాటితే ఆరా. వీటికి ఆధారం చట్టం కాదు, పోలీసు రెగ్యులేషన్లు. ఆరుగురు జడ్జీలూ రాత్రి సోదాలను కొట్టేశారు. మిగతా నిఘాతో కదలికకు అడ్డేమీ లేదని నలుగురన్నారు. సుబ్బారావు, జె.సి.షా ఒప్పుకోలేదు. వెనకాలే పోలీసు నీడ నడుస్తుంటే ఆ మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు ఎలా అవుతుందన్నది సుబ్బారావు వాదన. నాటి మైనారిటీ తీర్పులోని ఆలోచనను 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత హక్కు తీర్పులో నిలబెట్టింది. మధ్యలో 54 ఏళ్లు గడిచాయి. మన స్టేషన్లలో రౌడీషీటున్నవాళ్లను ఆదివారం కౌన్సెలింగ్‌కు పిలిచి వరసగా కూర్చోబెట్టడం చూసినప్పుడల్లా ఆ 54 ఏళ్లు గుర్తుకు రావాలి.

సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా పదవి వదిలే ముందు రోజు, 1967 ఏప్రిల్ 10న, పాస్‌పోర్టు తీర్పు వచ్చింది. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారిని పాస్‌పోర్టులు అప్పగించమని ప్రభుత్వం ఆదేశించింది. అప్పటికి దేశంలో పాస్‌పోర్టులిచ్చేందుకు, లాక్కునేందుకు చట్టమే లేదు. అంతా అధికారుల విచక్షణ. విదేశాలకు వెళ్లడం 21వ అధికరణం చెప్పే వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని తీసేయడానికి లేదని 3:2 మెజారిటీతో తీర్పిచ్చారు. రెండున్నర నెలల్లో, జూన్ 24న, పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. కరీంనగర్ నుంచి దుబాయ్ వెళ్లే కూలీ అయినా, గుంటూరు నుంచి డల్లాస్ వెళ్లే విద్యార్థి అయినా పాస్‌పోర్టును హక్కుగా అడగగలుగుతున్నారంటే దాని మూలం ఆ తీర్పులో ఉంది.

పదేళ్ల తర్వాత ఆ చట్టానికే పరీక్ష ఎదురైంది. 1977 జులైలో మేనకా గాంధీకి ఉత్తరం వచ్చింది: 7 రోజుల్లో పాస్‌పోర్టు అప్పగించండి. కారణమేమిటని అడిగితే ప్రజాప్రయోజనం దృష్ట్యా చెప్పలేమన్నారు. 1978 జనవరి 25న ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఇచ్చిన తీర్పు మన హక్కుల చరిత్రలో పెద్ద మలుపు. చట్టం ఉంటే సరిపోదు, ఆ చట్టం చెప్పే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలి, బాధితుడి మాట వినాలి. ఇప్పుడు పాస్‌పోర్టు జప్తు చేస్తే కారణాలు రాసిపెట్టాలి, అడిగితే నకలివ్వాలి. దేశ భద్రత వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు.

కాగితం ఉన్నా అది నిలబడాలన్న మాటకు మనకు బాగా దగ్గరి ఉదాహరణ పుల్లూరు టోల్‌ప్లాజా. కర్నూలు దాటి తుంగభద్ర వంతెన ఎక్కి దిగితే జోగులాంబ గద్వాల జిల్లాలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. 2021 మే రెండో వారంలో, కొవిడ్ రెండో దశలో, ఆక్సిజన్ మీదున్న రోగులతో ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్ వెళ్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు అక్కడ ఆపారు. ఆసుపత్రిలో బెడ్ ఖాయమైనట్టు ముందస్తు అనుమతి చూపాలన్నది నిబంధన. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ సర్క్యులర్‌పై స్టే ఇచ్చాక వాహనాలు కదిలాయి. ఊపిరాడని మనిషికి గంట కూడా ఎక్కువే. బారికేడ్ దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్‌కు ఆ సంగతి అందరికంటే బాగా కనిపించి ఉంటుంది.

అక్కడ ఆయన విధేయత ఎవరికి ఉండాలి? 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వారు తెచ్చిన 1861 పోలీసు చట్టం సెక్షన్ 23 ప్రకారం అధికారులు చట్టబద్ధంగా జారీ చేసిన ఉత్తర్వులను పోలీసు పాటించాలి. వలస పాలకుల చట్టంలోనూ ‘చట్టబద్ధంగా’ అన్న షరతు ఉంది. దాన్ని మనం పట్టించుకోలేదు. అదే చట్టంలోని సెక్షన్ 30 ఆధారంగా 2023 జనవరి 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోడ్లపై సభలను కట్టడి చేస్తూ జీవో 1 ఇచ్చింది. అంతకుముందు కందుకూరు తొక్కిసలాటలో 8 మంది, గుంటూరులో ముగ్గురు చనిపోయారు. జాగ్రత్తలు కావాల్సిందే. కానీ ఊరేగింపులను క్రమబద్ధం చేయడానికి ఇచ్చిన సెక్షన్‌ను నిషేధానికి వాడలేరు. మే 12న హైకోర్టు జీవోను కొట్టేసింది.

ఇక ‘పైనుంచి’ అన్న మాట నేరుగా కోర్టు ముందుకొచ్చిన కేసు ఒకటుంది. 1985 సెప్టెంబరులో జమ్ముకశ్మీర్ ఎమ్మెల్యే భీమ్ సింగ్ అసెంబ్లీ సమావేశాల కోసం జమ్ము నుంచి శ్రీనగర్ వెళ్తుంటే దారిలో ఖాజీగుండ్ దగ్గర పోలీసులు పట్టుకున్నారు. సభకు రానివ్వకూడదన్నదే ఉద్దేశమని తేలింది. తీర్పు రాసింది మరో తెలుగు జడ్జి, గుత్తిలో పుట్టిన ఓ.చిన్నపరెడ్డి. పోలీసులు దురుద్దేశంతో వ్యవహరించారని ఆయన తేల్చారు. పోలీసులు పనిముట్లు మాత్రమేనని, అసలు బాధ్యత ప్రభుత్వ పెద్దల స్థాయిలో ఉందని, అయితే ఫలానా వారిదని కచ్చితంగా చెప్పడం సాధ్యం కావట్లేదని రాశారు. నష్టపరిహారం 50 వేల రూపాయలు. కట్టింది రాష్ట్ర ప్రభుత్వం, అంటే ప్రజలే. కాగితం లేని ఆర్డర్‌కు సంతకం ఉండదు కాబట్టి కోర్టుకు కూడా మనిషి దొరకలేదు.

గేటు ముందు నిలబడ్డ పోలీసును ఒక్కడినే తప్పుపట్టలేం. మన పోలీసు బలగంలో నూటికి దాదాపు 86 మంది కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్ స్థాయివారే. కాదన్న ఎస్సైకి మర్నాడే వీఆర్ ఆర్డర్, అంటే పోస్టింగు లేకుండా పక్కన కూర్చోబెట్టే ఆర్డర్, చేతికొస్తుంది. అందుకే మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ 1996లో వేసిన పిటిషన్‌పై 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు 7 ఆదేశాలిచ్చింది. డీజీపీకే కాదు, ఎస్పీకి, స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు కూడా కనీసం రెండేళ్ల పదవీకాలం అందులో ఒకటి. డీఎస్పీ, అంతకంటే కింది స్థాయి అధికారుల బదిలీలు చూసేందుకు పోలీసు అధికారులతోనే బోర్డు ఉండాలన్నది ఇంకొకటి. పోలీసులపై ఫిర్యాదులకు జిల్లా స్థాయిలో విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షతన అథారిటీ ఉండాలన్నది మరొకటి. తీర్పు వచ్చి రెండు దశాబ్దాలు కావస్తున్నా స్టేషన్ పోస్టింగులు ఎమ్మెల్యే సిఫారసు లేఖల మీదే నడుస్తున్నాయని జిల్లాల్లో బాహాటంగా చెప్పుకుంటారు. రెండేళ్లు కదపరన్న భరోసా ఉంటేనే ఎస్సై ‘‘సార్, రాతపూర్వకంగా ఇప్పించండి’’ అని పై అధికారిని అడగగలడు.

అప్పటిదాకా ఆ మాట మనమే అడగాలి. జీపు వచ్చిన రోజు గొడవ పడక్కర్లేదు. ఏ సెక్షన్, ఎవరి ఉత్తర్వు, కాపీ ఏది అని అడిగి, వచ్చిన సమయం, అధికారి పేరు, వెళ్లిన సమయం రాసిపెట్టుకోవాలి. తర్వాత ఆ రోజు స్టేషన్ జనరల్ డైరీ నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ నకలు వచ్చినా, అలాంటి నమోదే లేదని రాసిచ్చినా, 226వ అధికరణం కింద హైకోర్టులో వేసే పిటిషన్‌కు రెండూ పనికొస్తాయి.