కంప్యూటరు జాలములకు నక్షా

ఉర్దూలో నక్షా అని, తెలుగులో పటము అని మనము పిలుచు వస్తువు ఒకటే అయినను, దాని వలన ఆశించు ప్రయోజనము అన్నిచోట్ల ఒకటి కాదు. రెవెన్యూ కార్యాలయములోని గ్రామ నక్షాలో సర్వే నంబరు, గట్టు, విస్తీర్ణము సరిగా ఉండవలెను. అందులో గీత కొంచెము జరిగినను ఇద్దరు రైతుల మధ్య వివాదము పుట్టును. హైదరాబాదు మెట్రో రైలు మార్గమును చూపు పటము అట్టిది కాదు. రెండు స్టేషనుల మధ్య దూరమెంతో, దారి ఎక్కడ వంపు తిరిగినదో దానివలన తెలియదు. మియాపూరు నుండి నాగోలు వెళ్ళు ప్రయాణికుడు అమీర్‌పేటలో దిగి రైలు మారవలెనని మాత్రము స్పష్టముగా తెలియును. అతనికి కావలసినదియు అంతే.

ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినవాడు హారీ బెక్. లండను భూగర్భ రైల్వేలో విద్యుత్ పథకముల చిత్రములు గీయు ఉద్యోగి. 1931లో ఆయన తయారు చేసిన పటమును అధికారులు మొదట అంగీకరింపలేదు. దూరములు లేని పటమును ఎవరు నమ్ముదురని వారి సందేహము. 1933లో అచ్చయిన పిమ్మట ప్రజలు దానిని వెంటనే ఆదరించిరి. దూరమును, ఆకారమును విడిచి, ఏది దేనితో కలిసియున్నదో దానిని మాత్రమే గ్రహించు ఈ దృష్టికి గణితములో టోపాలజీ అని పేరు. కోనిగ్స్‌బర్గు నగరపు ఏడు వంతెనల సమస్యను ఆయిలరు పరిష్కరించిన కాలము నుండి, అనగా 18వ శతాబ్దము నుండి, ఈ ఆలోచన గణితములో ఉన్నది. మన గణితశాఖ విద్యార్థులకు ఇది క్రొత్త కాదు.

కంప్యూటరు జాలమునకు, అనగా నెట్‌వర్కునకు, ఇట్టి పటమే సహజమైనది. 1969 చివర అమెరికాలో ఆర్పానెట్ ఆరంభమైనప్పుడు అందులో నాలుగే కేంద్రములు ఉండెను. లాస్ ఏంజెలిస్, శాంటా బార్బరాలలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాఖలు రెండు, స్టాన్‌ఫర్డు పరిశోధనా సంస్థ ఒకటి, యూటా విశ్వవిద్యాలయము మరియొకటి. నాలుగు వృత్తములు, వాటిని కలుపు కొన్ని గీతలు. చేతితో ఒక కాగితముపై గీసిన ఆ చిత్రము నేటికిని ప్రసిద్ధము. జాలము పెరిగిన కొలది ఇంజనీర్లు రెండు విధముల పటములు ప్రకటించుచు వచ్చిరి. ఒకటి దేశ పటముపై కేంద్రముల స్థానములను చూపునది. రెండవది వాటి పరస్పర సంబంధమును మాత్రమే చూపునది. ఆ రెండింటిని ఎందుకు వేరుగా ఉంచిరో క్రింద తెలియగలదు.

నేడు వందలకొలది యంత్రములున్న సంస్థలలో ఈ పటమును పర్యవేక్షణ సాఫ్టువేరు తానే గీయుచున్నది. గోడ చాటున ఉన్న తీగెను కంటితో చూడలేని సాఫ్టువేరు దానిని ఎట్లు కనుగొనును? ప్రశ్నలడిగి కనుగొనును. మొదటి ప్రశ్న మిక్కిలి సులభమైనది: "ఉన్నావా?" దీనికి సాధనము 1983లో మైక్ మూస్ వ్రాసిన పింగ్ అను చిన్న ప్రోగ్రాము. జలాంతర్గాములు శబ్దమును పంపి ప్రతిధ్వనిని వినునట్లు ఇది ఒక సందేశమును పంపి జవాబునకై ఎదురుచూచును. జవాబు వచ్చినచో యంత్రము బ్రదికి ఉన్నదని తెలియును గాని, అది ఎవరి ప్రక్కన ఉన్నదో తెలియదు. 1988లో వెలువడిన ఎస్.ఎన్.ఎం.పి. అను నియమావళితో ప్రశ్నలు లోతుగా అడుగుట సాధ్యమైనది. ఏ తీగె ద్వారా ఏ కంప్యూటరు చిరునామా వినబడుచున్నదో ప్రతి స్విచ్చి ఒక పట్టికలో వ్రాసికొనును. ఆ పట్టికను సాఫ్టువేరు అడిగి తెచ్చుకొనును. 2005లో ప్రమాణముగా వచ్చిన ఎల్.ఎల్.డి.పి. ఇంకను మేలైనది. దీని ప్రకారము ప్రతి పరికరము, సాధారణముగా 30 సెకండ్లకొకమారు, తన పేరును ప్రక్కవానికి చెప్పుకొనును. నూతన గృహములోనికి వచ్చినవారు ఇరుగుపొరుగును పలుకరించుట వంటిదే ఇది. ఎవరి పొరుగువారెవరో అందరిని అడిగి కూర్చినచో వీధి పటము సిద్ధమగును.

ఇంత శ్రమ దేనికి? ఒక కళాశాలను ఊహించుడు. పర్యవేక్షణ కంప్యూటరు ప్రధాన భవనములో ఉన్నది. రెండవ భవనములో గ్రంథాలయము, ప్రయోగశాల, పరీక్షల విభాగము కలవు. అచ్చట నలుబది యంత్రములు. రెండు భవనములకు మధ్య ఒకే తీగె. అది తెగిన దినమున పట్టిక రూపమున చూచు ఉద్యోగికి నలుబది ఎర్ర గుర్తులు కనబడును, నలుబది ఫిర్యాదులు వచ్చును. అతడు ఏ కంప్యూటరు వద్దకు మొదట పరుగెత్తవలెను? విద్యార్థివేతన దరఖాస్తులకు అదే చివరి దినమైనచో ఆ పరుగు విలువ చెప్పనక్కరలేదు. పటమున్నచో ఆ నలుబది గుర్తులును ఒకే గీత వెనుక ఉన్నవని ఒక్క చూపులో తెలియును. మంచి సాఫ్టువేరు మరియొక అడుగు వేసి, తీగె అవతలి యంత్రములను "చెడినవి" అనక "చేరరానివి" అని వేరు రంగులో చూపును. నా దృష్టిలో ఈ తేడాయే పటముయొక్క ప్రాణము. తక్కిన రంగులు, కదలు బొమ్మలు కొనువారిని ఆకర్షించుటకే.

ఇచట ఒక సూక్ష్మము కలదు. అదే పర్యవేక్షణ కంప్యూటరును రెండవ భవనములో ఉంచినచో, అదే తీగె తెగినపుడు ప్రధాన భవనమంతయు ఎర్రబారి, గ్రంథాలయము పచ్చగా కనబడును. చెడినది ఒకటే, పటములు రెండు. చూచువాడు నిలిచిన చోటును బట్టియే పటము మారుచున్నది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలసేపు ప్రపంచమంతట నిలిచిపోయినవి. మన దేశములో అప్పుడు రాత్రి తొమ్మిది దాటినది. మరమ్మతు పనిలో ఇచ్చిన ఒక ఆజ్ఞవలన ఆ సంస్థ కేంద్రములను కలుపు ప్రధాన జాలము తెగిపోయెను. దోషమును వెదకవలసిన వారి సాధనములు కూడ ఆ జాలముమీదనే ఆధారపడియుండుట చేత అవియును పనిచేయలేదు. ఇంజనీర్లు స్వయముగా ఆ భవనములకు వెళ్ళవలసి వచ్చెను. కట్టుదిట్టమైన కాపలా వలన లోనికి ప్రవేశించుటకే ఆలస్యమైనది. అందుచేతనే పర్యవేక్షణకు వేరొక దారి, కనీసము ఒక మొబైలు కనెక్షను, ఉంచవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు.

ఇక పటము విడిచిపెట్టిన దూరమును గూర్చి. బెక్ పటములో అది లేకపోవుట మేలు. జాలములో అన్నివేళల మేలు కాదు. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపమున సముద్రము క్రింది రెండు కేబుళ్ళు, సీ-మీ-వీ 4, ఫ్లాగ్ అనునవి, తెగినవి. ఈజిప్టు, గల్ఫు దేశములతో పాటు భారతదేశమునందును ఇంటర్నెట్టు మందగించెను. సంబంధములను మాత్రమే చూపు పటములో అవి రెండు వేర్వేరు గీతలు. ఒకటి పోయినను మరియొకటి ఉన్నదను ధైర్యమునిచ్చునవి. భూగోళముపై చూచినచో రెండును ఒకే ఇరుకు దారిన పోవుచున్నవి. ఆర్పానెట్ వారు రెండు పటములు ఉంచుకొనుటలోని వివేకము ఇదియే.

రెండు తీగెలు ఒకే గుంటలో పూడ్చబడియున్నవని ఏ స్విచ్చి యొక్క పట్టికయు చెప్పదు. అది త్రవ్వించినవారికి, ప్రక్కన నిలిచి చూచిన అటెండరుకు తెలియును. వారు పదవీ విరమణ చేయుటకు ముందే అడిగి, సాఫ్టువేరు గీసిన పటమును అచ్చు తీసి, ఏ గీత ఏ గోడ వెంట, ఏ చెట్టు క్రింద పోవుచున్నదో దానిపై కలముతో వ్రాయించి, తేదీ వేసి, ప్రధాన స్విచ్చి ఉన్న బీరువా తలుపునకు లోపలివైపున అంటింపవలెను. కరెంటు లేనప్పుడు చదువుటకు వీలైన ప్రతి అదియే.