లీగ్ అంటే ఏమిటి? హైదరాబాద్ చెప్పే పాఠం



మీరు సూరత్‌లోని వరాఛాలో ఉన్నా, వరంగల్‌లో ఉన్నా సరే, మీ పేటలో 8 జట్లతో ఫుట్‌బాల్ పోటీ పెట్టాలనుకోండి. ఓడిన జట్టు తప్పుకొనే నాకౌట్ పద్ధతిలో 7 ఆటలతో విజేత తేలిపోతుంది. కానీ సగం జట్లకు ఒక్క ఆట మాత్రమే దక్కుతుంది. అలా కాక ప్రతి జట్టూ మిగతా ఏడింటితో సొంత మైదానంలో ఒకసారి, ఎదుటివారి మైదానంలో ఒకసారి ఆడితే, అది లీగ్. అప్పుడు మొత్తం ఆటలు 8×7, అంటే 56. గెలిస్తే 3 పాయింట్లు, సమమైతే 1, ఓడితే సున్న. ఒకనాటి అదృష్టం కంటే నెలల తరబడి చూపిన నిలకడకే ఇందులో విలువ ఎక్కువ.

మన దేశంలో లీగ్

మన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ 1996లో మొదలైంది. దాని తొలి విజేత జె.సి.టి. మిల్స్. 2007లో దాని స్థానంలో ఐ-లీగ్ వచ్చింది. 2014లో 8 జట్లతో ఇండియన్ సూపర్ లీగ్ ఆరంభమైంది. 2022-23 నుంచి సూపర్ లీగ్ మొదటి అంచె, ఐ-లీగ్ రెండో అంచె అయ్యాయి.

షీల్డ్ ఒకరికి, కప్పు మరొకరికి

2021-22 సూపర్ లీగ్‌లో 20 ఆటలు ముగిసేసరికి జంషెడ్‌పూర్‌కు 43 పాయింట్లు, హైదరాబాద్ ఎఫ్.సి.కి 38 వచ్చాయి. పట్టికలో మొదటిదైన జంషెడ్‌పూర్‌కు షీల్డ్ దక్కింది. తర్వాత మొదటి 4 జట్ల మధ్య ప్లేఆఫ్ ఆటలు జరిగాయి. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్‌లో హైదరాబాద్, కేరళ బ్లాస్టర్స్ 1-1తో సమంగా నిలిచాయి. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి 3 పెనాల్టీలు ఆపడంతో హైదరాబాద్ 3-1తో గెలిచి కప్పు అందుకుంది.

మెట్లు లేని అంచెలు

రెండేళ్లలోనే పరిస్థితి తారుమారైంది. ఆర్థిక ఇబ్బందుల మధ్య ముఖ్యమైన ఆటగాళ్లు జట్టును వీడారు. 2023-24లో ఆడిన 22 ఆటల్లో హైదరాబాద్ ఒక్కటే గెలిచి, 8 పాయింట్లతో చివరి స్థానంలో నిలిచింది.

అనేక దేశాల లీగుల్లో అడుగున నిలిచిన జట్లు కింది అంచెకు దిగుతాయి, కింది అంచెలో ముందున్నవి పైకి వస్తాయి. మన దగ్గర అప్పటికి దిగడం లేదు. ఐ-లీగ్ విజేత ఎక్కడం మాత్రమే ఉంది. ఆ విధంగా 2022-23లో పంజాబ్ జట్టు, 2023-24లో మహమ్మదన్ స్పోర్టింగ్ పైకి వచ్చాయి. ఆ రెండేళ్లూ ఐ-లీగ్‌లో రెండో స్థానం పొందిన జట్టు ఏదో తెలుసా? హైదరాబాద్‌దే అయిన శ్రీనిధి దక్కన్! అది కిందే ఉండిపోయింది. పై అంచెలో చివరన నిలిచిన హైదరాబాద్ ఎఫ్.సి. అక్కడే కొనసాగి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం నగరం ఇలా అగ్రశ్రేణి లీగ్‌కు దూరమైంది.

ఆలోచించండి

1. 12 జట్లు రెండేసిసార్లు తలపడితే మొత్తం ఎన్ని ఆటలు?
2. ఎక్కడమూ దిగడమూ రెండూ ఉండి, రెండేసి జట్లు స్థానాలు మార్చుకొనే నియమం ఉంటే, 2023-24 తర్వాత హైదరాబాద్‌లోని రెండు జట్లూ ఏ అంచెల్లో ఉండేవి?