ఆసుపత్రి వైద్యుడు ఏల నిలువడు?

ప్రభుత్వాసుపత్రులలో వైద్యులు నిలుచుట లేదనియు, వారికి సేవాభావము కొఱవడినదనియు మనలో ననేకులు నిందించుచున్నారు. ఈ నింద సగము మాత్రమే సత్యమని మా యభిప్రాయము.

ధనాశచే విడిచిపోవువారు లేకపోలేదు. కాని రోగికి స్వస్థత చేకూర్చవలెనను కోరికతోడనే పెక్కండ్రు ఈ వృత్తియందు ప్రవేశింతురు. ఆ కోరికను చంపునది యేది? రెసిడెంటు వైద్యుల పని సామాన్యముగా దినమునకు 12 గంటలను, వారమునకు 48 గంటలను మించరాదని 1992లో కేంద్ర ప్రభుత్వము నిర్దేశించెను. ఆచరణలోనో, ఒక్క డ్యూటీయే 36 గంటలు సాగుట బోధనాసుపత్రులలో వింత గాదు. 2024 ఆగస్టులో కలకత్తాయందలి ఆర్. జి. కర్ ఆసుపత్రిలో, రాత్రి డ్యూటీ నడుమ సెమినారు హాలులో విశ్రమించుచున్న యువ వైద్యురాలు అత్యాచారమునకు గుఱియై హతురాలయ్యెను. కన్ను మూయుటకు సురక్షితమైన గదియైన నొసగనివారికి సేవాధర్మమును బోధించు నధికార మెక్కడిది?

బాండు పత్రము వైద్యుని దేహమును నిలుపగలదు, మనస్సును నిలుపజాలదు. గడువు తీరిననాడే యాతడు వెడలిపోవును. ధనికుడు ప్రైవేటు ఆసుపత్రికి పోగలడు. కూలివానికి సర్కారు దవాఖానాయే గతి. అనుభవజ్ఞుడైన వైద్యుడు విడిచిపోయినచో నష్టపడువాడు కూలివాడే.

కావున ప్రభుత్వములు ఖాళీలను సకాలమున నింపవలెను. 1992 నాటి నియమమును అమలుజరుపవలెను. మందులు, పరికరములు, రక్షణ, పదోన్నతి సమకూర్పవలెను. ప్రజలును మృత్యుదుఃఖమున వైద్యునిపై చేయిచేసికొనుట మానవలెను. గౌరవము, విశ్రాంతి లభించిన చోట వైద్యుడు తానై నిలుచును. ఇది దయాదానము గాదు; రోగి ప్రాణరక్షణకు మన మొనర్పవలసిన యేర్పాటు.